వైరస్ కనిపించదు, దాని డీఎన్‌ఏ కనిపిస్తుంది: కణితి వైరస్‌ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పీజీ పిల్లలకు మైక్రోబయాలజీ చెబుతాను. క్లాసులో వాళ్లు అడిగేవి కొన్ని, చేతిలో ల్యాబ్ రిపోర్టు పట్టుకుని టెన్షన్‌గా ఫోన్ చేసే బంధువులూ తెలిసినవాళ్లూ అడిగేవి కొన్ని, రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నాకు ఇష్టమైన ప్రశ్నల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాను.

ట్రాన్స్‌ఫార్మ్ అయిన కణం అంటే క్యాన్సర్ కణమేనా?

దగ్గరిదే కానీ అదే కాదు. గాజు పళ్లెంలో పెంచే మామూలు కణాలు పక్క కణానికి తగిలేదాకా పెరిగి, అడుగంతా ఒక పొరలా నిండాక ఆగిపోతాయి. కొన్ని రకాల వైరస్‌లు సోకాక వాటిలో కొద్ది కణాలు ఈ కట్టుబాటు మరిచిపోతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్టలు పోస్తాయి, సీరం (కణాలకు ఆహారంగా పోసే రక్తద్రవం) తక్కువ పోసినా పెరుగుతాయి, మెత్తటి అగార్ జెల్లీలో ఆధారం లేకుండా తేలుతూ కూడా పెరుగుతాయి. ఇలా మారిన కణాన్ని ట్రాన్స్‌ఫార్మ్ అయిన కణం అంటాం. వీటిలో చాలా వాటిని తగిన జంతువులోకి ఎక్కిస్తే కణితి వస్తుంది, కానీ అన్నిటికీ రాదు. మనిషిలో క్యాన్సర్ రావడానికి సాధారణంగా ఇంకా కొన్ని మార్పులు, ఏళ్ల సమయం కావాలి.

కణితి వైరస్‌లు అంటే ఏవి?

కోళ్లలో రౌస్ సార్కోమా వైరస్, ఎలుకల్లో పాలియోమా, కోతుల్లో ఎస్‌వీ40 చరిత్రలో ముఖ్యమైనవి. మనుషుల విషయానికొస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిల్లోమా వైరస్), కాలేయ క్యాన్సర్‌తో సంబంధమున్న హెపటైటిస్ బి, సి వైరస్‌లు, ఎప్‌స్టీన్-బార్ వైరస్, హెచ్‌టీఎల్‌వీ-1, 2008లో బయటపడిన మెర్కెల్ కణ పాలియోమా వైరస్, ఇంకా ఒకటి రెండు. హెపటైటిస్ సి మాత్రం ఈ పేజీలోకి రాదు, అది ఆర్‌ఎన్‌ఏ వైరస్, మన డీఎన్‌ఏలో చేరదు.

మారిన కణాల్లో వైరస్ కనబడదు అంటున్నారు. మరి లోపల ఏదో మిగిలిందని ఎలా పట్టుకున్నారు?

ఈ కథ చెప్పేటప్పుడు నాకు క్లాసు టైమ్ చాలదు.

1960ల మొదట్లో పరిస్థితి ఇది. ఎలుక కణాలకు ఎస్‌వీ40 ఎక్కిస్తే కొన్ని మారిపోతున్నాయి, ఆ మార్పు వందల తరాలపాటు పిల్ల కణాలకూ వస్తోంది, కానీ ఆ కణాలను నలిపి వెతికితే ఒక్క వైరస్ కణికా దొరకడం లేదు. వైరస్ వచ్చి ఏదో చెడగొట్టి వెళ్లిపోయిందా, లేక దాని జన్యువులు లోపలే ఉండి పనిచేస్తున్నాయా? అప్పుడు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

లోపలే ఉన్నాయనడానికి ఆధారాలు ఒక్కొక్కటే చేరాయి. 1963 నాటికి ఎస్‌వీ40 కణితుల్లో ఒక కొత్త ప్రొటీన్ గుర్తు దొరికింది, అది వైరస్ కణికలో భాగం కాదు, కణితి (ట్యూమర్) అనే మాట మీదే దానికి టీ యాంటీజెన్ అని పేరు పెట్టారు. 1966లో థామస్ బెంజమిన్ పాలియోమాతో మారిన కణాల్లో వైరస్‌కు చెందిన ఆర్‌ఎన్‌ఏ ఉందని చూపించాడు. ఆర్‌ఎన్‌ఏ తయారవుతోందంటే దానికి అచ్చు, అంటే వైరస్ డీఎన్‌ఏ, ఎక్కడో ఉండాలి కదా. 1967లో ఇంకో ప్రయోగం జరిగింది, నాకు చాలా ఇష్టమైనది. ఒక్క వైరస్ కణికా దొరకని, ఎస్‌వీ40తో మారిన ఎలుక కణాలను, ఎస్‌వీ40 బాగా పెరిగే కోతి కణాలతో కలిపి ఒకే కణంగా అతికించారు. కొద్ది రోజుల్లో నిక్షేపంలాంటి పూర్తి వైరస్ బయటికి వచ్చింది! అంటే మొత్తం జన్యుపటం ఆ ఎలుక కణంలో అన్నాళ్లూ నిద్రపోతున్నట్టే.

ఇక నేరుగా డీఎన్‌ఏనే పట్టుకోవాలి. అదెంత కష్టమో లెక్క చూడండి: ఎస్‌వీ40 డీఎన్‌ఏ 5,243 బేస్ జతల (డీఎన్‌ఏ అక్షరాల జతల) చిన్న వలయం, ఎలుక కణంలో మొత్తం డీఎన్‌ఏ అయిదు వందల కోట్ల జతలకు పైనే. పది లక్షల వడ్ల గింజల్లో ఒక్క రాయిని ఏరడం లాంటిది. కొద్దిపాటి డీఎన్‌ఏను కోట్ల కాపీలుగా పెంచి చూపే పీసీఆర్ పద్ధతి పుట్టడానికి ఇంకా పదిహేనేళ్లు ఉంది. అమెరికాలో సాక్ ఇన్‌స్టిట్యూట్‌లో రెనాటో డల్బెకో, హైనర్ వెస్ట్‌ఫాల్ చేసిందేంటంటే, వైరస్ డీఎన్‌ఏను అచ్చుగా పెట్టి రేడియోధార్మిక ఆర్‌ఎన్‌ఏ తయారుచేసి, మారిన కణాల డీఎన్‌ఏను కాగితంలాంటి పొర మీద అంటించి, ఈ ఆర్‌ఎన్‌ఏ దానికి ఎంత అతుక్కుంటుందో కొలిచారు. మామూలు కణాల కంటే స్పష్టంగా ఎక్కువ అతుక్కుంది. అది 1968.

సరే, ఉంది. కానీ క్రోమోజోమ్‌లోనే చేరిపోయిందని ఎలా చెప్పగలరు? పక్కన విడిగా తేలుతూ ఉండొచ్చు కదా?

మంచి అనుమానం, అప్పట్లో వాళ్లకూ ఇదే వచ్చింది. అదే 1968లో జో సాంబ్రూక్, వెస్ట్‌ఫాల్, పి.ఆర్. శ్రీనివాసన్, డల్బెకో కలిసి దీనికి జవాబు చెప్పారు. విడిగా ఉన్న వైరస్ వలయం చిన్నది, బిగుతుగా మెలితిరిగి ఉంటుంది, సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి బరువు, ఆకారాన్ని బట్టి వేరుచేసే యంత్రం) తిప్పితే దాని చోటు దానికుంటుంది. క్రోమోజోమ్ డీఎన్‌ఏ పొడవాటి దారాలు ఇంకో చోటికి పోతాయి. క్షారంలో పెడితే డీఎన్‌ఏ రెండు పోగులూ విడిపోతాయి, ఊరికే అంటుకున్నవి ఊడిపోతాయి, రసాయన బంధంతో కలిసినవి మాత్రమే కలిసి ఉంటాయి. అలా క్షారంలో తిప్పినా వైరస్ వరసలు పొడవాటి కణ డీఎన్‌ఏతోనే కలిసి వెళ్లాయి. అంటే అంటుకోలేదు, అల్లుకుపోయింది.

దీన్ని ఇంటిగ్రేషన్ అంటాం. చీరలో వేరే రంగు పోగు నేసినట్టు అనుకోండి. ఉతికితే పోదు, చీర ఉన్నంతకాలం ఉంటుంది. కణం విభజన అయిన ప్రతిసారీ మన డీఎన్‌ఏతో పాటు అదీ కాపీ అవుతుంది.

ఎన్ని కాపీలు ఉంటాయి? ఎప్పుడూ ఒకే చోట చేరుతుందా?

మొదట్లో వేసిన అంచనాలు ఎక్కువగా ఉండేవి, పదుల్లో. తర్వాత మెరుగైన పద్ధతులతో చాలా కణ వంశాల్లో (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచే ఒకే రకం కణాలు) ఒకటి నుంచి కొన్ని కాపీలే అని తేలింది. 1975లో ఎడ్విన్ సదరన్ కనిపెట్టిన, కత్తిరించిన డీఎన్‌ఏలో వెతికే వరస ఉన్న ముక్కలను గీతలుగా చూపే బ్లాట్ పద్ధతి చేతికొచ్చాక చోటు సంగతీ తెలిసిపోయింది. మరుసటి ఏడాదే మైకేల్ బాట్చన్, విలియం టాప్, సాంబ్రూక్ వేర్వేరు ఎస్‌వీ40 కణ వంశాల డీఎన్‌ఏను కత్తిరించి చూస్తే ఒక్కోదాంట్లో ఒక్కో రకం గీతలు పడ్డాయి. వైరస్‌కంటూ ఫలానా చోటు లేదు. వైరస్ వలయం తెగే చోటూ ఒకటి కాదు. ఒక్కోసారి పూర్తి కాపీ, ఒక్కోసారి ముక్క, ఒక్కోసారి తల-తోక కలిపి వరుసగా రెండు మూడు.

కానీ ఒక్క సంగతి మాత్రం మారదు. టీ యాంటీజెన్ జన్యువు తెగకుండా ఉన్న కణమే మారిన కణంగా బతుకుతుంది. వైరస్ ఆ చోటు ఎంచుకుంది కాబట్టి కాదు, అది తెగిపోయిన కణాలు గుట్టలు పోయవు, మన కంట పడవు కాబట్టి.

క్రోమోజోమ్‌లో చేరితే వైరస్‌కు లాభమేంటి?

ఏమీ లేదు! చాలామంది దీన్ని వైరస్ పన్నిన కుట్రలా చెబుతారు, నాకది నచ్చదు. ఎస్‌వీ40, హెచ్‌పీవీ లాంటి డీఎన్‌ఏ వైరస్‌లకు ఇంటిగ్రేషన్ ఒక ప్రమాదం, దారి మూసుకుపోవడం. వాటికి డీఎన్‌ఏను కోసి అతికించే సొంత ఎంజైమ్ కూడా లేదు. మన కణం తెగిన డీఎన్‌ఏను బాగుచేసుకుంటున్నప్పుడు పక్కన ఉన్న వైరస్ ముక్కను పొరపాటున కలిపి కుట్టేస్తుంది, అంతే. అలా చిక్కుకున్న వైరస్ మామూలుగా మళ్లీ కణికలుగా బయటికి పోలేదు.

అందుకే ఇది అరుదు కూడా. వైరస్ సోకిన కణాల్లో చాలావరకు కొద్ది రోజులు మారినట్టు ప్రవర్తించి మళ్లీ మామూలైపోతాయి, ఎందుకంటే విడిగా ఉన్న వైరస్ డీఎన్‌ఏ విభజన జరిగేకొద్దీ పలచబడి మాయమవుతుంది. దీన్ని అబార్టివ్ ట్రాన్స్‌ఫర్మేషన్ అంటారు.

ఒకసారి కణాన్ని మార్చేశాక వైరస్ జన్యువుల అవసరం ఉంటుందా?

చాలా సందర్భాల్లో ఉంటుంది, రోజూ ఉంటుంది. 1970ల్లో వేడికి పాడయ్యే టీ యాంటీజెన్ ఉన్న ఎస్‌వీ40 రకాలతో కణాలను మార్చి చూశారు. చల్లగా ఉంచితే గుట్టలు పోస్తున్నాయి, ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు పెంచితే చాలావాటిలో మామూలు కణాల బుద్ధి తిరిగొచ్చింది. అన్ని వంశాల్లోనూ అంత శుభ్రంగా జరగలేదు, అదీ చెప్పాలి.

హీలా కణాల సంగతి ఇంకా ఆశ్చర్యం. 1951లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి అమెరికన్ తల్లి శరీరం నుంచి, ఆమెకు తెలియకుండా, బాల్టిమోర్‌లో తీసిన ముఖద్వార క్యాన్సర్ కణాలివి. ఆ క్యాన్సర్ ఎందుకొచ్చిందో 1980ల్లో హారల్డ్ జూర్ హౌసెన్ బృందం పనితో తెలిసింది: లోపల హెచ్‌పీవీ-18 డీఎన్‌ఏ ఉంది, ఎనిమిదో క్రోమోజోమ్‌లో, మిక్ అనే పెరుగుదల జన్యువుకు దగ్గర్లో చేరి. అన్ని దశాబ్దాలుగా ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతున్న ఆ కణాల్లో ఇప్పుడు వైరస్ తాలూకు ఈ6, ఈ7 జన్యువులను ఆపేస్తే, కొద్ది రోజుల్లోనే విభజన ఆగి కణాలు ముసలివైపోతాయి. యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ రెండు జన్యువుల మీదే అవి బతుకుతున్నాయన్నమాట. దీని మొదటి గ్రాఫ్ చూసిన రోజు నాకు ఇంకా గుర్తుంది, ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఆ జన్యువులు అసలు ఏం చేస్తాయి?

మన కణంలో రెండు పెద్ద కాపలాలు ఉన్నాయి. ఆర్‌బీ ప్రొటీన్ విభజన మొదలవకుండా పట్టి ఉంచుతుంది. పీ53 ప్రొటీన్ డీఎన్‌ఏ దెబ్బతింటే కణాన్ని ఆపుతుంది, లేదా చంపేస్తుంది. ఎస్‌వీ40 టీ యాంటీజెన్ ఈ రెండింటినీ పట్టుకుని పనిచేయనివ్వదు. అసలు 1979లో పీ53 బయటపడిందే టీ యాంటీజెన్‌ను లాగితే వెంట వచ్చిన ప్రొటీన్‌గా. హెచ్‌పీవీలో ఈ పని ఇద్దరు పంచుకుంటారు: ఈ6 పీ53ని ముక్కలు చేయిస్తుంది, ఈ7 ఆర్‌బీని పట్టుకుంటుంది. వైరస్‌కు కావాల్సింది క్యాన్సర్ కాదు, తన డీఎన్‌ఏ కాపీ చేసుకోవడానికి కణం విభజన పనిముట్లు బయటికి తీయాలి, దానికోసం కాపలాను పక్కకు తప్పిస్తుంది. ఆ జన్యువు క్రోమోజోమ్‌లో ఇరుక్కుపోతే కాపలా శాశ్వతంగా పోతుంది.

రౌస్ సార్కోమా వైరస్‌లో ఉన్నది ఆర్‌ఎన్‌ఏ కదా, అది డీఎన్‌ఏలో ఎలా చేరింది?

పేటన్ రౌస్ 1911లో కోడి కణితి నుంచి ఈ వైరస్‌ను చూపించాడు, నోబెల్ మాత్రం 1966లో వచ్చింది. 1964లో హోవార్డ్ టెమిన్ ఈ వైరస్ ముందు డీఎన్‌ఏగా మారి కణంలో దాక్కుంటుందని అన్నాడు. దాదాపు ఎవరూ నమ్మలేదు. 1970లో టెమిన్, సతోషి మిజుతాని ఒకవైపు, డేవిడ్ బాల్టిమోర్ ఇంకోవైపు, ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ చేసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను పట్టుకున్నారు. టెమిన్, బాల్టిమోర్, డల్బెకో ముగ్గురికీ 1975లో నోబెల్. ఈ రెట్రోవైరస్‌లకు ఇంటిగ్రేషన్ ప్రమాదం కాదు, బతుకుదెరువు. దానికోసం ఇంటిగ్రేస్ అనే సొంత ఎంజైమ్ మోసుకొస్తాయి.

అన్ని కణితి వైరస్‌లూ క్రోమోజోమ్‌లో చేరతాయా?

లేదు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ డీఎన్‌ఏ సుమారు లక్షా డెబ్బై వేల జతల పెద్దది, ఎక్కువగా విడి వలయంగానే కణ కేంద్రకంలో ఉంటుంది. ఈబీఎన్‌ఏ1 అనే ప్రొటీన్ దాన్ని క్రోమోజోమ్‌కు కట్టి పెడుతుంది, విభజనలో రెండు పిల్ల కణాలకూ అందేలా.

నాకు హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చింది. నా కణాల్లో దాని డీఎన్‌ఏ చేరిపోయినట్టేనా?

అమ్మా, ముందు కంగారు తగ్గించుకోండి. పాజిటివ్ అంటే ముఖద్వారం కణాల్లో ఆ వైరస్ డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ కనిపించిందని మాత్రమే. చాలావరకు అది విడిగా ఉంటుంది, ఎక్కువ మందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే తగ్గించేస్తుంది. ఏళ్ల తరబడి తగ్గకుండా ఉన్న కొద్దిమందిలో, ఎక్కడో ఒక కణంలో వైరస్ వలయం ఈ2 జన్యువు దగ్గర తెగి క్రోమోజోమ్‌లో చేరొచ్చు. ఈ2 మామూలుగా ఈ6, ఈ7లను అదుపులో పెడుతుంది, అది పోతే వాటికి పగ్గాలుండవు. హెచ్‌పీవీ-16 క్యాన్సర్లలో కొన్నిటిలో ఇంటిగ్రేషన్ లేకుండానే క్యాన్సర్ వస్తుంది, కాబట్టి ఇదొక్కటే దారి అనుకోకండి.

మీరు చేయాల్సింది డాక్టర్ చెప్పిన తేదీకి వెళ్లడం, కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దది చేసి చూసే పరీక్ష) చేయించమంటే చేయించుకోవడం. క్యాన్సర్‌కు ముందు దశలో దొరికితే చిన్న ప్రక్రియతో తీసేస్తారు. సిగ్గుపడి వాయిదా వేయడమే ఇక్కడ అసలు ప్రమాదం, ఇది నేను చూసి చెబుతున్న మాట.

హెచ్‌పీవీ టీకా ద్వారా ఆ డీఎన్‌ఏ మా అమ్మాయి కణాల్లోకి వెళ్తుందా?

వెళ్లదు. టీకాలో ఉండేది వైరస్ పైతొడుగు ప్రొటీన్ ఎల్1, దాన్ని ఈస్ట్ లాంటి కణాల్లో తయారుచేసి ఖాళీ గుల్లల్లా కూరుస్తారు. వాటిలో వైరస్ జన్యుపటం లేదు, ఈ6 ఈ7 జన్యువులు లేవు. మన దేశంలో తయారైన సర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది.

మన దగ్గర ఈ భయానికి ఒక కారణం ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో అమ్మాయిలకు ఈ టీకా వేసిన ప్రాజెక్టు 2010లో ఆగిపోయింది. కొందరు అమ్మాయిల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు తీసుకోవడం లాంటి పెద్ద తప్పులు జరిగాయి. ఆ కోపం న్యాయమైనది. ఆ కోపంతో టీకా మానేస్తే మాత్రం నష్టపోయేది మన పిల్లలే.

పాత పోలియో టీకాలో ఎస్‌వీ40 ఉందట, నిజమేనా? కోవిడ్ టీకాలోనూ అంటున్నారు.

మొదటిది నిజం. 1955 నుంచి 1963 వరకు వేసిన పోలియో టీకాను కోతి మూత్రపిండ కణాల్లో పెంచేవాళ్లు, వాటిలో ఉన్న ఈ వైరస్ కొన్ని బ్యాచ్‌లలో బతికే వచ్చింది. బెర్నీస్ ఎడ్డీ అనే శాస్త్రవేత్త ఆ కోతి కణాల సారం హ్యామ్‌స్టర్ పిల్లలకు కణితులు తెస్తోందని చెబితే పైఅధికారులు ఆమె నోరు నొక్కారు, 1960లో వేరే బృందం వైరస్‌ను వేరుచేసి పేరు పెట్టింది. ఆ టీకాలు పొందినవాళ్లను దశాబ్దాలు గమనించినా క్యాన్సర్లు స్పష్టంగా పెరిగినట్టు కనిపించలేదు. కొన్ని కణితుల్లో ఎస్‌వీ40 డీఎన్‌ఏ దొరికిందన్న రిపోర్టుల్లో కొన్ని ల్యాబ్‌లో వాడే ప్లాస్మిడ్‌లు (చిన్న డీఎన్‌ఏ వలయాలు) కలవడం వల్ల వచ్చినవని తేలాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకమో కాదో తేల్చలేని గ్రూపులో పెట్టింది.

రెండో ఫార్వర్డ్ సంగతి. ఒక ఎంఆర్‌ఎన్‌ఏ టీకా తయారీకి వాడిన ప్లాస్మిడ్‌లో ఎస్‌వీ40 ప్రమోటర్ అనే చిన్న స్విచ్ ముక్క ఉంది. అది వైరస్ కాదు, అందులో టీ యాంటీజెన్ జన్యువు లేదు. పైన చెప్పినదంతా చదివారు కాబట్టి ఆ తేడా మీకు అర్థమవుతుంది.

హెపటైటిస్ బికి ఏళ్లుగా మాత్రలు వేస్తున్నాం, వైరల్ లోడ్ కనబడటం లేదు, అయినా హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ ఎందుకు?

ఈ ప్రశ్న నాకు అన్నిటికంటే ఎక్కువసార్లు వస్తుంది. టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మందులు కొత్త వైరస్ డీఎన్‌ఏ తయారవడాన్ని ఆపుతాయి. కాలేయ కణాల్లో ముందే ఉన్న వలయాకారపు డీఎన్‌ఏను, క్రోమోజోమ్‌లో చేరిపోయిన ముక్కలను అవి తీసేయలేవు. చేరిన ముక్క నుంచి పూర్తి వైరస్ రాదు, కానీ పైతొడుగు ప్రొటీన్ తయారవుతూనే ఉండొచ్చు, హెచ్‌బీఎస్‌ఏజీ టెస్టులో పాజిటివ్‌గా కనిపించేది ఆ ప్రొటీన్. అంటే మందు పనిచేయడం లేదని కాదు.

కాలేయ కణితుల్లో ఈ ముక్కలు తరచుగా టెర్ట్ అనే జన్యువు దగ్గర కనిపిస్తాయి, అది కణానికి ఆయుష్షు పెంచే జన్యువు. అందుకే లోడ్ సున్నా అయినా డాక్టర్ స్కానింగ్‌కు రమ్మంటే మానొద్దు, మందు సొంతంగా ఆపొద్దు. ఇంట్లో మిగతావాళ్లకు టెస్టు, టీకా చేయించండి. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ టీకాను మన దేశంలోనే తయారుచేసి ధర దించిన తర్వాత, డబ్బు లేక ఆగాల్సిన పని చాలా ఇళ్లకు తప్పింది.

కణితిలో వైరస్ డీఎన్‌ఏ దొరికితే అదే కారణమని చెప్పేయొచ్చా?

చెప్పకూడదు. దారిన పోతూ చేరిన వైరస్ కూడా అయ్యుండొచ్చు. మెర్కెల్ కణ క్యాన్సర్ అనే చర్మ క్యాన్సర్‌లో దీన్ని ఎలా తేల్చారో చూడండి: ఒక రోగి మొదటి కణితిలోనూ, వేరే చోటికి పాకిన కణితిలోనూ వైరస్ ఒకే చోట చేరి ఉంది. అంటే కణితి పెరగకముందే, మొదటి కణంలోనే చేరిందన్నమాట. పైగా టీ యాంటీజెన్ తోక తెగి, వైరస్ కాపీ చేసుకునే శక్తి పోయి, ఆర్‌బీని పట్టే భాగం మాత్రం మిగిలింది. ఇలాంటి రెండు మూడు ఆధారాలు కలిస్తేనే నమ్మాలి.

ప్రాజెక్టులో దీన్ని మేమే చూడాలంటే ఏం చేయాలి?

పుణేలోని ఎన్‌సీసీఎస్ కణ భాండాగారం నుంచి మీ కాలేజీ ద్వారా కణాలు తెప్పించుకోవచ్చు. ఇవన్నీ ముఖద్వార క్యాన్సర్ కణ వంశాలే: హీలాలో హెచ్‌పీవీ-18, సీహాలో హెచ్‌పీవీ-16 ఒకటి రెండు కాపీలు, క్యాస్కీలో అదే హెచ్‌పీవీ-16 వందల కాపీలు, సీ33ఏలో ఏదీ ఉండదు, అది మీ నెగటివ్ కంట్రోల్. ఒక్కో హెచ్‌పీవీ రకానికి దాని ప్రైమర్లతో (కాపీ మొదలయ్యే చోటు చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఈ7కు ఒక పీసీఆర్, ఈ2 మొత్తం పొడవుకు ఒక పీసీఆర్ పెట్టండి. హీలాలో ఈ7 గీత పడి ఈ2 గీత పడకపోవడం చూస్తారు, వలయం తెగిన చోటు అదే. క్యాస్కీలో రెండూ పడతాయి, ఎందుకో పైన కాపీల గురించి రాసినదాన్ని బట్టి మీరే ఆలోచించి వైవాలో చెప్పండి. నీళ్ల కంట్రోల్ తప్పనిసరిగా పెట్టండి, హీలా ఉన్న ల్యాబ్‌లో ఆ డీఎన్‌ఏ పిపెట్ల మీద కూడా ఉంటుంది. నీళ్లలో గీత పడితే ఆ రోజు జెల్ అంతా పక్కన పెట్టి, కొత్త టిప్పులతో మళ్లీ మొదటి నుంచి చేయాలి.